కారు బాడీ తుప్పు పనికి ఏ వెల్డింగ్ యంత్రం తీసుకోవాలి?

ప్రశ్న: నా పాత కారు తలుపుల కింద, వెనుక చక్రాల పైవంపుల్లో రేకు తుప్పు తిని చిల్లులు పడింది. ఇంట్లోనే కొత్త ముక్కలు అతికించుకోవాలనుకుంటున్నాను. గేట్ల పనికి వాడే 200 ఆంపియర్ల రాడ్ వెల్డింగ్ యంత్రం నా దగ్గర ఉంది. అది సరిపోతుందా?

సమాధానం: సరిపోదండి. బాడీ రేకు మందం సాధారణంగా 0.7 నుంచి 1 మిల్లీమీటరు వరకే ఉంటుంది కాబట్టి, రాడ్ వేడికి అది కరిగి, ఉన్న చిల్లు ఇంకా పెద్దదవుతుంది. గ్యాసు వాడే చిన్న మిగ్ యంత్రం తీసుకోండి; ఇందులో రాడ్‌కు బదులు గన్‌లోంచి సన్నని వైరు వస్తూ కరుగుతుంది, చుట్టూ వచ్చే గ్యాసు ఆ వెల్డ్‌ను గాలి తగలకుండా కాపాడుతుంది. కొనేవారు ఎక్కువగా గరిష్ఠ ఆంపియర్లు అడుగుతారు గాని, ఈ పనికి చూడవలసింది కనిష్ఠం. 30 ఆంపియర్ల వరకు దిగినా మంట నిలకడగా ఉండి, 0.6 మిల్లీమీటర్ల వైరును తడబడకుండా నెట్టగలిగే యంత్రమైతే పలుచని రేకు మీద పని అదుపులో ఉంటుంది. ఆర్గాన్‌లో 15 నుంచి 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసు వాడితే చిటపటలు తగ్గుతాయి.

ప్రశ్న: గ్యాసు అవసరం లేని ఫ్లక్స్ వైరుతో (లోపల రక్షణ పొడి నింపిన వైరు) నడిపించకూడదా? సిలిండరు బాధ తప్పుతుంది కదా.

సమాధానం: గాలి వీచే ఆరుబయట, కాస్త మందమైన ఇనుముకు అది నిజంగా మేలైనదే. అయితే ఆ వైరు సాధారణంగా 0.8 మిల్లీమీటర్లు లేదా అంతకంటే లావుగా ఉండి, వేడి ఎక్కువగా ఇస్తుంది, పైగా వెల్డ్ మీద గట్టిపడే పెచ్చు (స్లాగ్) గీకాలి. నేను మొదట దానితోనే ఒక తలుపు చెడగొట్టుకుని, తరువాత గ్యాసుకు మారాను. రెండు విధాలా నడిచే యంత్రమైతే, వైరు మార్చినప్పుడల్లా ధ్రువాలు కూడా మార్చాలి: గ్యాసుతో గన్ ప్లస్‌కు, ఫ్లక్స్ వైరుతో సాధారణంగా మైనస్‌కు.

ఏ యంత్రమైనా గీత లాగినట్టు వెల్డ్ చేయకండి. ఒక చుక్క వేసి, దూరంగా మరో చుక్క వేసి, మొదటిది చల్లారాక మధ్యలో నింపుకుంటూ రండి, లేకపోతే రేకు వంకర తిరుగుతుంది. తుప్పును మెరిసే లోహం వచ్చేదాకా కోసి తీసేయాలి. బ్యాటరీ తీగలు విప్పి, లోపలి కార్పెట్ తొలగించి, పెట్రోలు ట్యాంకు, గొట్టాలు ఎక్కడున్నాయో చూసుకున్నాకే మొదలుపెట్టండి. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట మాత్రం వెల్డింగ్ వద్దు. క్లోరిన్ ఉన్న రకమైతే ఆ వేడికి ప్రాణాంతకమైన ఫాస్జీన్ వాయువు పుడుతుంది.