చెక్కు, చెక్‌పోస్టు, చెక్స్ చొక్కా: ఒకే మాటా, మూడు మాటలా?

సభ్యులొకరు నిన్న మంచి ప్రశ్న వేశారు. బ్యాంకులో ఇచ్చే చెక్కు, రాష్ట్ర సరిహద్దున లారీలను నిలిపే చెక్‌పోస్టు, బట్టల కొట్టులో అడిగే చెక్స్ చొక్కా, ఈ మూడింటిలో ఉన్నది ఒకే మాటా, లేక పలకడంలో కలిసిపోయిన వేర్వేరు మాటలా అని. మూడూ ఒకటే. పైగా ఆ మాటకు మూలపురుషుడు చదరంగపు బల్ల మీది రాజు.

మన చతురంగం పారశీకానికి వెళ్ళి చత్రంగ్ అయింది, అరబ్బుల నోట శత్రంజ్ అయింది. ఎదుటివాడి రాజుకు ముప్పు తెచ్చే ఎత్తు వేసినప్పుడు పారశీకులు 'షా' అని హెచ్చరించేవారు. షా అంటే రాజు. బాద్‌షాలోనూ, గోల్కొండను 1518 నుంచి 1687 దాకా ఏలిన కుతుబ్‌షాహీల పేరులోనూ మనకు తెలిసిన షాయే. ఆ హెచ్చరిక అరబ్బుల ద్వారా ఐరోపా చేరి, మధ్యయుగపు లాటిన్‌లో స్కాకుస్ అయి, పాత ఫ్రెంచిలో ఎస్చెక్ అయి, ఇంగ్లీషులో చెక్‌గా కుదురుకుంది. ఆ ఫ్రెంచి మాటకు బహువచనమే ఆట పేరైన చెస్. మనం ఆటను సేనకుండే నాలుగు అంగాలను బట్టి పిలుచుకుంటే, ఇంగ్లీషువారు రాజును బట్టి పిలుచుకుంటున్నారన్నమాట. పాత పారశీకంలో ఈ షాకు పూర్వరూపం క్షాయథియ. ఏలడమనే అర్థం గల దాని ధాతువుకూ సంస్కృతంలోని క్షత్ర, క్షత్రియ శబ్దాలకూ చుట్టరికం ఉంది కనుక, బ్యాంకు చెక్కు క్షత్రియునికి దూరపు బంధువంటే నవ్వకండి.

చెక్‌మేట్‌కు 'రాజు చచ్చాడు' అని అర్థం చెప్పేవారు చాలామంది. అరబ్బీలో 'మాత' అంటే చనిపోయాడనే అర్థం ఉన్నందువల్ల పుట్టిన వివరణ అది. పారశీకంలో 'మాత్' అంటే దిక్కుతోచనివాడు, నిస్సహాయుడు. చదరంగంలో రాజును చంపడమన్నది లేనే లేదు, కదలడానికి చోటు లేకుండా చేయడమే ఉంది కాబట్టి రెండో అర్థమే నాకు సబబుగా తోస్తుంది. మన 'ఆటకట్టు' కూడా చావు ఊసెత్తదు.

రాజుకు ముప్పు వచ్చినవాడు తాను వేయదలచుకున్న ఎత్తు మానుకొని ముందు రాజును కాపాడుకోవాలి. ఇక్కడి నుంచే ఇంగ్లీషు చెక్‌కు అడ్డుకోవడం, అదుపు చేయడం అనే అర్థాలు వచ్చాయి. అదుపు నుంచి సరిచూడడం అనే అర్థం ఆ తరువాత వచ్చింది. చెక్‌పోస్టులో ఈ రెండూ వరుసగా జరుగుతాయి. ముందు కర్ర అడ్డంగా దించి లారీని ఆపుతారు, ఆపైన డ్రైవరు చేతిలోని కాగితాలు తిరగేస్తారు. పత్రికలవాళ్ళు 'అక్రమ రవాణాకు చెక్' అని శీర్షిక పెట్టినప్పుడు తమకు తెలియకుండానే అన్నిటికన్నా పాత అర్థాన్ని, చదరంగపు అర్థాన్ని వాడుతున్నారు. ఆ శీర్షికలను చూసి విసుక్కునే నేను ఈ ఒక్క విషయంలో వారిని సమర్థిస్తాను.

ఇక డబ్బు సంగతి. ఇంగ్లండులో 12వ శతాబ్దపు రాజు ఖజానా లెక్కలు ఎలా చూసేవారో రిచర్డ్ ఫిట్జ్‌నీల్ అనే కోశాధికారి లాటిన్‌లో వివరంగా రాసిపెట్టాడు. సుమారు పది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు గల బల్ల. దాని మీద గీతలు గీసిన నల్లని గుడ్డ. పెన్నీలకు, షిల్లింగులకు, పౌండ్లకు, ఆపైన ఇరవైలకు, వందలకు, వేలకు వేర్వేరు వరుసలు. ఏడాదికి రెండుసార్లు జిల్లాల నుంచి షెరిఫ్‌లు, అంటే రాజు తరఫున పన్నులు వసూలు చేసే అధికారులు, వచ్చి బల్లకు ఎదురుగా కూర్చుంటే, వారు కట్టవలసినదెంతో కట్టినదెంతో బిళ్ళలు పేర్చి చూపేవారు. రోమను అంకెలతో కూడికలు, తీసివేతలు చేయడం ఎంత తలనొప్పో తెలిసినవారికి ఈ ఏర్పాటులోని తెలివి వెంటనే బోధపడుతుంది. బల్ల చదరంగపు పటంలా ఉన్నందున ఆ ఖజానాకే ఎక్స్‌చెకర్ అని పేరు వచ్చింది. కోశాధికారికీ షెరిఫ్‌కూ మధ్య జరిగేది చదరంగంలో రాజుల పోరు వంటిదేనని ఫిట్జ్‌నీల్ స్వయంగా పోల్చాడు. బ్రిటన్ ఆర్థికమంత్రి పదవి పేరులో ఆ గళ్ళ బల్ల ఈనాటికీ ఉంది.

బ్యాంకు చెక్కు మాత్రం నేరుగా ఆ బల్ల మీది నుంచి దిగలేదు. 18వ శతాబ్దంలో చెక్ అంటే మొదట కౌంటర్‌ఫాయిల్: చించి ఇచ్చిన కాగితం అసలుదా, దొంగదా అని సరిచూడడానికి పుస్తకంలో మిగుల్చుకునే ముక్క. క్రమంగా మిగిలిన ముక్క పేరు చించి ఇచ్చే కాగితానికి వచ్చింది. బ్రిటిషువారు ఎక్స్‌చెకర్ ప్రభావంతో దానిని సీ హెచ్ ఈ క్యూ యూ ఈ అని రాయడం మొదలుపెట్టారు. మన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోనూ, చెక్కు బౌన్సయినవారిని భయపెట్టే దాని 138వ సెక్షనులోనూ ఆ వర్ణక్రమమే ఉంది. అమెరికావారు పాత పద్ధతిలోనే రాస్తారు.

చెక్స్ చొక్కాకు పెద్ద కథ లేదు. చదరంగపు పటంలోని గళ్ళే బట్టకెక్కాయి. అయితే తెలుగులో జరిగిందీ ఇదే కావడం విశేషం. చదరంగంలో గడి ఉంది, గళ్ళ లుంగీ ఉంది, పదాలు నింపే గళ్ళ నుడికట్టు ఉంది. ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోకుండానే మనమూ ఆ దారినే నడిచాము. అందుకే 'గళ్ళ చొక్కా' అనగలిగినవారు 'చెక్స్' అంటే నాకు కొంచెం బాధ.

మనం ఈ మాటను మూడు తీరులుగా దింపుకున్నాము. బ్యాంకుది ఉకారం చేర్చుకొని చెక్కు, చెక్కులు, చెక్కును అంటూ తెలుగు మాటలా విభక్తులు తొడుక్కుంది. సరిచూసేది 'చెక్ చేయు' అని క్రియలో ఇమిడింది. బట్టది మాత్రం ఇంగ్లీషు బహువచనంతోనే ఉండిపోయింది. 'చెక్కు చెదరలేదు' అనే మాటను వీటితో కలపవద్దని మనవి. అది మామిడికాయకు చెక్కు తీస్తామే, ఆ చెక్కు. పైతొక్క అని అర్థమిచ్చే అచ్చతెలుగు మాట. చెక్ రిపబ్లిక్ కూడా వేరే. అది జాతి పేరు, తెలుగు లిపిలో ఒకేలా కనిపిస్తుందంతే.

సభ్యులను నేనూ ఒకటి అడుగుతాను. మీ ప్రాంతంలో పాతకాలపు ఆటగాళ్ళు రాజుకు ముప్పు వచ్చినప్పుడు 'చెక్' అనే అనేవారా, 'షా' అనేవారా, మరేదైనా మాట వాడేవారా? విన్నవారు ఊరి పేరుతో సహా రాయగలరు.