బ్యాంకాక్ ప్రయాణం: బాట్లు హైదరాబాద్‌లోనే కొనాలా, డాలర్లు తీసుకెళ్లాలా?

గుంటూరు టీచర్:

సంక్రాంతి సెలవుల్లో అమ్మ, నాన్న, మా వారితో కలిసి బ్యాంకాక్, పట్టాయా వెళ్తున్నాం. విమానం హైదరాబాద్‌లో ఎక్కి బ్యాంకాక్ విమానాశ్రయం సువర్ణభూమిలో దిగుతాం. టికెట్లు, హోటళ్ల డబ్బు ముందే కట్టేశాం. తిండికీ, తిరగడానికీ, అమ్మ కొనబోయే వస్తువులకూ కలిపి థాయ్‌లాండ్ డబ్బు 40,000 బాట్ దాకా చేతిలో ఉండాలని అనుకుంటున్నాం.

టికెట్లు తీసిన ఏజెంటు ఒక్కో బాట్ 2.85 రూపాయలకు ఇస్తానంటున్నాడు. "కమిషన్ ఒక్క పైసా కూడా లేదు మేడం" అని రెండుసార్లు చెప్పాడు. గూగుల్‌లో చూస్తే 2.67 ఉంది. అదే అడిగితే, "ఆ రేటు చూసుకోవడానికే, ఆ రేటుకు ఎవరూ ఇవ్వరు" అని నవ్వాడు. మా ఆడపడుచు రూపాయలే పట్టుకెళ్లమంటుంది, అక్కడ మారుస్తారట. మా స్కూలు లెక్కల మాస్టారు కార్డు ఉంటే చాలంటారు. నాన్నగారికి కార్డు అంటేనే నమ్మకం లేదు, ఆయన అప్పుడే ప్యాంటుకు లోపలి జేబు కుట్టించుకున్నారు. వీళ్లలో ఎవరి మాట వినాలి?

పాత కౌంటరు:

అమ్మా, బ్యాంకులో విదేశీ మారకం కౌంటరు వెనుక కూర్చుని రిటైరైన వాణ్ని. ఏజెంటు చెప్పిన దాంట్లో సగం నిజం. మీరు గూగుల్‌లో చూసింది బ్యాంకులు తమలో తాము పెద్ద మొత్తాలు మార్చుకునే రేటు. కాగితం నోట్లు తెప్పించాలి, దాచాలి, అమ్ముడుపోకపోతే వాటి మీద డబ్బు ఇరుక్కుంటుంది. కాబట్టి కొంత ఎక్కువ తీసుకోవడం న్యాయమే. ఆ కొంత ఎంత అన్నదే ప్రశ్న. 2.67కీ 2.85కీ తేడా ఏడు శాతానికి కాస్త తక్కువ. 40,000 బాట్ మీద 7,200 రూపాయలు. మజూరీ లేదని బోర్డు పెట్టి తరుగులో రాబట్టుకునే బంగారం కొట్టు మీరు చూసే ఉంటారు. కమిషన్ లేదన్న మాటను ఎప్పుడూ అలాగే వినండి. అడగాల్సింది ఒకటే: "అన్నీ కలిపి నేను ఎన్ని రూపాయలు ఇస్తే, నా చేతికి ఎన్ని బాట్లు వస్తాయి?"

రసీదులో జీఎస్టీ విడిగా కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారు పడకండి. మొత్తం డబ్బు మీద కాదు, చట్టం లెక్కగట్టిన చిన్న విలువ మీద 18 శాతం. లక్ష రూపాయల మారకానికి 180 రూపాయలు, ఎంత చిన్న మారకానికైనా కనీసం 45. అసలు ఖర్చు రేటులో ఉంటుంది, పన్నులో కాదు.

నా సలహా డాలర్లు. రెండుసార్లు మార్చితే రెండుసార్లు నష్టం కదా అని అందరూ అడుగుతారు. రెండుసార్లు అన్నది నిజమే, కానీ రెండూ చిన్నవి. హైదరాబాద్ పిల్లలను అమెరికా పంపే ఊరు. డాలర్ నోట్లు రోజూ వస్తాయి, పోతాయి, పోటీ ఉంది, బేరం కుదురుతుంది. బాట్ అలా కాదు. అడిగేవాళ్లు తక్కువ, దొరికే చోట్లు తక్కువ. బ్యాంకాక్‌లో డాలరు కొనేవాళ్లకూ పోటీ ఎక్కువే. లెక్క కోసం ఇవాళ డాలరు అసలు రేటు 88 రూపాయలు, 33 బాట్ అనుకుందాం. బేరమాడితే మీకు 89కి దొరుకుతుంది, అక్కడ 32.80కి తీసుకుంటారు. 1,200 డాలర్లకు ఇక్కడ 1,06,800 రూపాయలు, అక్కడ చేతికి 39,360 బాట్. బాట్ 2.71 పడింది. అవే బాట్లు ఏజెంటు దగ్గర కొంటే 1,12,176. తేడా 5,376 రూపాయలు. ఇక శంషాబాద్ విమానాశ్రయంలో కొందామని మాత్రం వెళ్లకండి. ఎక్కబోయేవాడికి వేరే దారి లేదని కౌంటరుకు తెలుసు.

ఇంటి దగ్గరే రెండు మూడు చోట్లకు ఫోను చేయండి. ఒకరి రేటు ఇంకొకరికి చెబితే పది, ఇరవై పైసలు తగ్గుతాయి. అన్నీ 100 డాలర్ల నోట్లే అడగండి, బ్యాంకాక్‌లో చిన్న నోట్లకు రేటు తక్కువ. మడతలు, సిరా మరకలు, స్టాంపులు ఉన్న నోటు ఇస్తే అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి, మొహమాటం వద్దు. 50,000 రూపాయలు దాటితే నగదుగా ఇవ్వకూడదు, ఖాతా నుంచే చెల్లించాలి. పాస్‌పోర్టు, పాన్, టికెట్ తీసుకెళ్లండి, రసీదు దాచుకోండి.

సుఖుంవిట్ వాసి:

బ్యాంకాక్‌లో ఉద్యోగం చేస్తున్న కాకినాడ వాణ్ని. పాత కౌంటరు గారి మాటకు నాది ఒక చేర్పు. సువర్ణభూమిలో సామాను తీసుకుని బయటికి రాగానే కనిపించే బ్యాంకు కౌంటర్ల దగ్గర ఆగకండి. లిఫ్టులో కింది అంతస్తుకు, ఎయిర్‌పోర్ట్ రైలు స్టేషన్ దగ్గరికి దిగండి. అక్కడ చిన్న మారకం దుకాణాలు వరసగా ఉంటాయి. అదే విమానాశ్రయం, కానీ పైన ఒక రేటు, కింద ఒక రేటు. మొదటిసారి వచ్చే చుట్టాలందరినీ నేను కిందికే తీసుకెళ్తాను. పై కౌంటరు దగ్గర తొందరపడిన వాళ్లు తర్వాత నన్నే తిడతారు.

మీ హోటలు చిట్‌లోమ్, సియామ్ వైపు అయితే రాచడమ్రి రోడ్డులో సూపర్‌రిచ్ మారకం దుకాణాలు ఉన్నాయి. నారింజ రంగుది, ఆకుపచ్చ రంగుది రెండు వేర్వేరు సంస్థలు. రెండూ మంచివే, తేడా కొన్ని సతాంగ్‌లే (మన పైసల్లాంటివి, వంద సతాంగ్‌లు ఒక బాట్). పాస్‌పోర్టు అసలుది చేతిలో ఉండాలి. డబ్బు కిటికీ ముందే లెక్కపెట్టుకోండి. పట్టాయాలో పసుపు రంగు టీటీ మారకం బూత్‌లు చాలు. అక్కడికి సరిపడా డాలర్లు మిగుల్చుకోండి, అంతా మొదటి రోజే మార్చనక్కర్లేదు.

నాన్నగారి లోపలి జేబు మంచి ఆలోచన. వీధి బండ్ల దగ్గర నగదు నడుస్తుంది, లేదా థాయ్ బ్యాంకు ఖాతాతో క్యూఆర్. మన కార్డు అక్కడ చూపిస్తే నవ్వి చేయి ఊపుతారు.

లెక్కల పక్షం:

మీ మాస్టారి తరఫున నేను వాదిస్తాను. అయితే ఆయన చెప్పిన కార్డు ఏ కార్డో అడగండి. మామూలు క్రెడిట్ కార్డుకు మార్కప్, అంటే రేటు మీద బ్యాంకు వేసుకునే అదనం, చాలాచోట్ల 3.5 శాతం, దాని మీద జీఎస్టీ, మొత్తం 4.13 శాతం. అది ఏజెంటు కన్నా నయం, డాలర్ల కన్నా ఖరీదు. మార్కప్ లేని కార్డులు ఇప్పుడు ఉన్నాయి, వాటితో వీసా, మాస్టర్‌కార్డ్ రేటే పడుతుంది. మాల్‌లో, పెద్ద హోటల్లో దానికి మించింది లేదు. ఏజెంటు డాలర్లు నింపిన ఫారెక్స్ కార్డు అంటగడితే మాత్రం వద్దనండి. బాట్లలో ఖర్చు పెట్టిన ప్రతిసారీ ఇంకో మారకం రుసుము పడుతుంది.

ఏ కార్డయినా ఒక జాగ్రత్త. మిషను "రూపాయల్లో చెల్లిస్తారా, బాట్లలోనా" అని మర్యాదగా అడుగుతుంది. రూపాయలు చూసి మన ప్రాణం కుదుటపడుతుంది, చేయి అటే వెళ్తుంది. బాట్లే నొక్కండి. రూపాయలు నొక్కితే రేటు పెట్టేది వాళ్ల బ్యాంకు, అది మనకు ఎప్పుడూ నష్టమే. ఏటీఎం కూడా ఇదే అడుగుతుంది. అదీ కాక అక్కడి ఏటీఎం విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాట్ లేదా ఇంకా ఎక్కువ తీసుకుంటుంది. 2,000 బాట్ తీస్తే అదే 11 శాతం! తీయక తప్పకపోతే ఒకేసారి పెద్ద మొత్తం తీయండి.

నేనైతే 600 డాలర్లు, మిగతాది కార్డు.

గుంటూరు టీచర్:

అందరికీ ధన్యవాదాలు. నాన్నగారికి చదివి వినిపించాను. 600 కాదు 800 డాలర్లు అన్నారు, జేబు కుట్టించిన ఖర్చు రాబట్టుకోవాలి కదా. ఏజెంటుకు ఫోను చేసి "అన్నీ కలిపి" ప్రశ్న వేస్తే బాట్ రేటు తనంతట తానే 2.78కి దిగింది. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి సార్. ఆడపడుచు చెప్పిన రూపాయల సంగతేమిటి? బాట్లు మిగిలితే ఏం చేయాలి?

పాత కౌంటరు:

2.78 అన్నాడంటే ఇంకా దిగుతాడు, కానీ డాలరే అడగండి.

రూపాయలను బ్యాంకాక్‌లో కొన్ని దుకాణాలు తీసుకుంటాయి, మీ ఆడపడుచు చెప్పింది అబద్ధం కాదు. అయితే డాలరుకు ఉన్నంత పోటీ రూపాయికి ఉండదు, కొనే రేటుకూ అమ్మే రేటుకూ ఎడం ఎక్కువ. పైగా దేశం దాటేటప్పుడు మనిషికి 25,000 రూపాయలకు మించి వెంట ఉండకూడదు. తిరిగొచ్చాక శంషాబాద్ నుంచి గుంటూరుకు కారుకు కావలసినంత ఉంచుకోండి, అంతకు మించి వద్దు.

మార్చని డాలర్లు మిగిలితే ఇబ్బంది లేదు. 2,000 డాలర్ల దాకా నోట్లు ఇంట్లో ఉంచుకోవచ్చు, ఇంకో ప్రయాణానికి పనికొస్తాయి. అంతకు మించినవే 180 రోజుల్లోపు బ్యాంకుకు తిరిగి ఇవ్వాలి. బాట్లు మిగిలితేనే నష్టం, ఇక్కడ కొనేవాడు ఇంకో ఆరేడు శాతం కోస్తాడు. అందుకే చివరి రెండు రోజులకు వంద డాలర్ల చొప్పున మార్చుకోండి. నాణేలను మారకం కౌంటర్లు తీసుకోవు, విమానాశ్రయానికి బయలుదేరే ముందే ఏ సెవెన్ ఎలెవెన్ దుకాణంలోనో నీళ్ల సీసాలకు ఇచ్చేయమని నాన్నగారికి చెప్పండి.