పార్టీలోనే దొంగతనం, పైగా నవ్వులు: మాట్లాడాలా, టేబుల్ మానెయ్యాలా?

క్లెరిక్_సంచి
డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్. ఆట నడిపే డీఎం, ఐదుగురు ప్లేయర్లు, అందరివీ మూడో లెవెల్ క్యారెక్టర్లు, వాటి జట్టే పార్టీ. ఆరు సెషన్లు అయ్యాయి. రోగ్ (దొంగ పాత్ర) ఆడే ఆయన ప్రతి సెషన్‌లోనూ నా క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి పాత్ర) సంచిలోంచి హీలింగ్ పోషన్ (గాయాల మందు) సీసా కొట్టేస్తాడు. అడిగితే "నా క్యారెక్టర్ అంతే" అంటాడు. డీఎం "డైస్ ఏం చెబితే అదే" అంటాడు. టేబుల్ మీద ఎక్స్ కార్డ్ (ఆటలో ఏదైనా ఇబ్బంది పెడితే ముట్టుకుని ఆపించే కార్డు) ఉంది, ముట్టుకుంటే "అబ్బో, ఏడుపొచ్చిందా" అని నవ్వులు. ఆట ఆపి మాట్లాడాలా, డీఎంకి విడిగా చెప్పాలా, మానెయ్యాలా?

పాచికలరాయుడు
ఆట మధ్యలో మాత్రం వద్దండీ. నలుగురి ముందు నిలదీస్తే రోగ్ ఆడే ఆయనకి అది పరువు సమస్య అయి కూర్చుంటుంది, సంచి సంగతి పక్కకు పోతుంది. సెషన్‌కి రెండు రోజుల ముందు డీఎంకి విడిగా మెసేజ్ పెట్టండి, వాట్సాప్ గ్రూపులో కాదు. నాలుగు వాక్యాలు చాలు. ఒక్క సంఘటన చెప్పండి, ఆరూ ఏకరువు పెట్టొద్దు. "అందరూ ఇదే అనుకుంటున్నారు" అని అసలు రాయొద్దు. ఆ ముక్క చదవగానే ఆ అందరూ ఎవరని ఆరా మొదలవుతుంది, మీరడిగింది మరుగున పడుతుంది.

చివర్న ఒకే ఒక్క రూల్ అడగండి: పార్టీలో ఒకరి మీద ఒకరు డైస్ వేయాలంటే, ఎవరి మీద వేస్తున్నారో ఆ ప్లేయర్ ముందు సరేననాలి. సరేనన్నాక ఏం జరిగిందో చెప్పేది కూడా ఆ ప్లేయరే. రోగ్ దొంగతనం మానక్కర్లేదు, ఊళ్లో వర్తకుల జేబులు ఎన్నయినా కొట్టుకోవచ్చు.

ఇరవైముఖాలు
అసలు రోల్ సరిగ్గా వేయిస్తున్నారా? స్లైట్ ఆఫ్ హ్యాండ్‌కి (చేతివాటం) ఎదురు నిలిచేది క్లెరిక్ పర్సెప్షన్ (పసిగట్టే నేర్పు). విజ్డమ్ 16 అంటే +3, పర్సెప్షన్‌లో ప్రొఫిషియెన్సీ (అదనపు నేర్పు) లేదనుకుంటే డైస్ వేయకుండా లెక్కేసే పాసివ్ స్కోరు 10+3, అంటే 13. రోగ్‌కి డెక్స్ (చురుకుదనం) +3, ఎక్స్‌పర్టీజ్ (రెట్టింపు నేర్పు) ఉంటే ఇంకో +4, మొత్తం +7. ఇరవై ముఖాల డై మీద 6 పడితే 13, అంటే టై. పోటీ రోల్ టై అయితే పరిస్థితి యథాతథం, సీసా కదలదు. 7 పడాల్సిందే. ఇంకోటి, నాచురల్ 20 (డై మీదే 20) పడినంత మాత్రాన దొంగతనం దానంతటదే గెలవదు.

గోల్కొండ_గేట్
అంటే ఇరవైల 14 సార్లు సీసా పోతది. లెక్క కరెక్టుంటే దొంగతనం తియ్యగైతదా అన్నా?
ఇడిసిపెట్టుండ్రి ఆ గ్రూపు. పొడిచే ఎద్దు కంటే ఖాళీ కొట్టం నయం.

తెరవెనక
ఒకవైపు మాటే వింటున్నాం. నాలుగు గంటల సెషన్‌కి డీఎం ముందు రెండు మూడు గంటలు కూర్చుని మ్యాపు, ఎన్‌పీసీలు (డీఎం ఆడించే పాత్రలు), యుద్ధాలు సిద్ధం చేసుకోవాలి. ఐదుగురికి తలా మూడు నిమిషాలు, డీఎం టర్న్ ఐదు నిమిషాలు వేసుకోండి. రౌండ్‌కి 20, నాలుగు రౌండ్ల యుద్ధానికి 80 నిమిషాలు. మధ్యలో 50 గోల్డ్ సీసా కోసం పంచాయితీ పెడితే ఇంక ఆడేదెప్పుడు? దాంతో వచ్చేది 2డీ4+2 (నాలుగు ముఖాల డైస్ రెండు వేసి, రెండు కలపడం), సగటున ఏడు హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క). మళ్లీ కొనుక్కుంటే పోయె.

పాచికలరాయుడు
తెరవెనక గారూ, ఏడు పాయింట్ల గొడవ కాదిది. సీసా పోయిన క్లెరిక్ ఏం చేస్తాడు? రోగ్ హిట్ పాయింట్లు సున్నాకి పడి డెత్ సేవ్‌లు (చావు తప్పించుకునే రోల్స్) వేస్తుంటే హీల్ చేయకుండా పక్కకి తిరుగుతాడు. మూడు ఫెయిల్ అయితే క్యారెక్టర్ పోయినట్టే. అప్పుడు "నువ్వే చంపావు" అని ఇంకో గొడవ, దానికి మీ 80 నిమిషాలూ చాలవు. ఆ రోలు, వాదన, నవ్వులు కలిపితే ఇప్పటికే సెషన్‌కి పావుగంట తింటోంది. దాన్ని మీ లెక్కలో వేయలేదు.

పెన్సిల్‌ముక్క
ఎక్స్ కార్డ్ సంగతి ఎవరూ ఎత్తరేం? 2013లో జాన్ స్టావ్రోపౌలోస్ రాసిన పద్ధతి అది. కారణం చెప్పనక్కర్లేకపోవడమే దాని ప్రాణం. ముట్టుకున్నవాళ్లని చూసి నవ్వితే టేబుల్ మీద అట్టముక్క మిగులుతుంది, అంతే. అయినా ఇలా వారం వారం తిరిగొచ్చే పేచీకి కార్డు కన్నా లైన్స్ అండ్ వీల్స్ నయం. లైన్ అంటే ఆటలోకి రానే రానిది, వీల్ (తెర) అంటే జరిగినా వర్ణించకుండా దాటేసేది. "పార్టీలో దొంగతనం" లైన్‌లో రాసేస్తే సరి. సెషన్ జీరో (ఆటకు ముందు హద్దులు మాట్లాడుకునే సమావేశం) మొదట్లోనే పెట్టాలని లేదు, ఏడో సెషన్‌కి ముందు అరగంట కూర్చున్నా చాలు.

తెరవెనక
కార్డు, లైను, తెర! ఆడేదేమో పిశాచాలతో, గుండె మాత్రం గాజు. పుస్తకాలు కొనేది డీఎం, మ్యాపు గీసేది డీఎం, చాలాసార్లు ఇల్లిచ్చేదీ డీఎమ్మే. ప్లేయర్లు పెన్సిల్ పట్టుకొస్తారు, అదీ మర్చిపోతారు. పైగా షరతులు. అంత నచ్చకపోతే వాళ్లే వచ్చి ఈ కుర్చీలో కూర్చోవచ్చుగా?

గోల్కొండ_గేట్
గిదీ అసలు మాట. ఇంతసేపు సీసా సీసా అనుకుంట తిరిగిండ్రు.

పాచికలరాయుడు
వచ్చింది బయటికి. కష్టపడేది డీఎం కాబట్టి టేబుల్ డీఎందే అంటారు మీరు. అలా అయితే "డైస్ ఏం చెబితే అదే" అనకూడదు. డైస్ ఎప్పుడు వేయాలో చెప్పేదే డీఎం. "వద్దు" అనే అధికారం చేతిలో ఉండి "వెయ్యి" అన్నాడంటే ఆ సీసా పోగొట్టింది డైస్ కాదు. తెలుగులో నడిపే డీఎం దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. ఎక్కడికి పోతారులే అనే ధీమా అక్కడినుంచే వస్తుంది.

తెరవెనక
ధీమా కాదండీ, విసుగు. ఐదుగురూ ఐదు ఫిర్యాదులు తెస్తారు, "ఈ వారం నేను నడుపుతాను" అని ఒక్కరూ అనరు. విడిగా, ముందే చెబితే ఏ డీఎం అయినా వింటాడు. అందరి ముందు కార్డు విసిరితే వినడు.

పాచికలరాయుడు
నేను మొదటి పోస్టులో రాసింది ఇంకేమిటి?

తెరవెనక
మీరు రాసింది రూల్ పెట్టమని. నేను చెబుతున్నది రోగ్ ఆడే ఆయనతో డీఎం మాట్లాడాలని. రూల్ పెడితే వాడు దానికో సందు వెతుకుతాడు. రేపు సీసా కొట్టడు, యుద్ధం గెలిచాక దోచిన సొమ్ములో రెండు నగలు లెక్క చెప్పకుండా దాస్తాడు. ఎవరి మీదా డైస్ వేయలేదు కదా, మీ రూల్ ఏం చేస్తుంది?

పెన్సిల్‌ముక్క
ఈ మాట నిజమే.

క్లెరిక్_సంచి
సరే, మెసేజ్ పెట్టాక కూడా ఏమీ మారకపోతే?

పాచికలరాయుడు
రెండు సెషన్లు చూడండి. "మనలో ఒకరు కంప్లైంట్ చేశారు" అని డీఎం టేబుల్ దగ్గర ప్రకటిస్తే ఆ రెండూ అక్కర్లేదు. మధ్యలో లేచి రావొద్దు, కనీసం మూడు రోజుల ముందు చెప్పండి. ఐదుగురికి అమర్చిన యుద్ధానికి క్లెరిక్ లేకుండా నలుగురు వెళ్తే పార్టీ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, డీఎం శత్రువుల్ని తగ్గించుకోవాలి కదా. "ఈ గ్రూపు నాకు కుదరట్లేదు" అంటే చాలు. కారణాల జాబితా ఇస్తే ప్రతి కారణానికీ ఓ సమాధానం వస్తుంది, మళ్లీ మొదటికి. చందాలేసుకుని పుస్తకాలు కొని ఉంటే మీ వాటా అప్పుడే తేల్చుకోండి.

తెరవెనక
క్యారెక్టర్‌ని గుడి పెద్దలు వెనక్కి పిలిచారని చెప్పి పంపించమనండి. చంపించుకోవద్దు. చచ్చిన క్లెరిక్ సంచి ముందు ఎవరి చేతికి పోతుందో తెలుసుగా.

ఇరవైముఖాలు
అన్నీ బాగానే ఉన్నాయి. 13కి 13 వస్తే సీసా క్లెరిక్ దగ్గరే ఉంటుంది. ఆ ఒక్కటీ ఎవరూ ఒప్పుకోలేదు.