పంపిన మెయిల్ అవతలివాళ్లు చదివారో లేదో తెలుసుకోవచ్చా?

అందరికీ నమస్కారం. ఇల్లు ఖాళీ చేసి నెలలు గడిచినా ఓనర్ గారు అడ్వాన్స్ తిరిగివ్వలేదు. ఫోన్ ఎత్తరు. అందుకే కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో, తాళాలు తీసుకున్నట్టు ఆయన సంతకం చేసిన కాగితం జతచేసి మెయిల్ పెట్టాను. జవాబు లేదు. రేపు "నాకేం రాలేదే" అంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

నాది మామూలు జీమెయిల్. అందులో రీడ్ రిసీట్ (మెయిల్ తెరిచారని మనకొచ్చే సమాచారం) అడిగే సదుపాయం ఆఫీసు, స్కూలు అకౌంట్లకే ఉంది, అదీ అడ్మిన్ అనుమతిస్తేనే. అవుట్‌లుక్‌లో అడగొచ్చు గానీ, అవతలివాళ్లు వద్దని నొక్కితే అంతే. మెయిల్‌లో కంటికి కనబడని చిన్న బొమ్మ పెట్టి, తెరిచారో లేదో చెప్పే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. కానీ 2021లో యాపిల్ తెచ్చిన ప్రైవసీ రక్షణ ఆన్‌లో ఉంటే, దాని మెయిల్ యాప్ ఆ బొమ్మల్ని ముందే దించేసుకుంటుంది. చదవకపోయినా చదివినట్టే కనిపిస్తుంది. ఆయన వాడేది ఐఫోనే! పైగా చెప్పకుండా అలా నిఘా పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు.

మెయిల్ చదివినట్టు గట్టిగా చూపించగల పద్ధతి ఏదైనా ఉందా? బౌన్స్ కాకపోతే, అంటే చేరలేదని వెనక్కి రాకపోతే, చేరినట్టేనా? లేక అదే విషయం కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపడమే మేలా? ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు, లాయర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.