షార్ట్ ఫిల్మ్‌లో ప్రపోజల్ సీన్ దగ్గర ఆగిపోయాను, సలహాలు చెప్పండి

బీచ్‌రోడ్ బుల్లోడు: పది నిమిషాల కామెడీ. కుర్రాడికి ఇంటర్ నుంచీ ఒకే అమ్మాయంటే ఇష్టం. చెబుదామని నోరు తెరిస్తే "నోట్స్ ఉన్నాయా?" అనే వస్తుంది. క్లైమాక్స్‌లో ఆర్కే బీచ్, సముద్రంలో సూర్యుడు మునుగుతుంటాడు, వీడు చెప్పేస్తాడు. ఆమె ఒప్పుకోవాలా? ఫ్రెండ్ క్యారెక్టర్ అవసరమా? ఆ గాలికి ఏ మైక్ వాడాలి?

కట్ చేస్తే: అక్కడ డైలాగ్ రికార్డ్ చెయ్యకు తమ్ముడూ. మా హీరో "నువ్వంటే నాకు..." అనగానే వెనకనుంచి "ముంత మసాలా!" అని కేక. మొత్తం డబ్బింగ్ చెప్పుకున్నాం.

పేరు లేని హీరోయిన్: ఇలాంటివాటిలో 'అమ్మాయి' వేషాలు చాలా వేశాను. పేరుండదు, డైలాగుండదు. జుట్టు వెనక్కి వేసుకుని స్లో మోషన్‌లో తిరగాలి, అంతే. బాబూ, వాడు అడిగిన ప్రతిసారీ ఆమె నోట్స్ ఎందుకిస్తోందో నీ స్క్రిప్టులో ఉందా? వాడు బస్టాప్ దాకా వెంటపడే సీన్ ఉంటే మాత్రం ఇప్పుడే కొట్టెయ్.

దిక్కులు చూసేవాడు: ఆగండాగండి. విశాఖలో సముద్రంలో సూర్యుడు మునగడమేంటి గురూ? మనకి సముద్రం తూర్పున. సాయంత్రం సూర్యుడు ఊరి వెనక దిగుతాడు.

బీచ్‌రోడ్ బుల్లోడు: పొద్దున్నే తీసి సాయంత్రం అని చూపిస్తానన్నా.

అసోసియేట్ గారు: ఇండస్ట్రీలో పదిహేనేళ్ళ అనుభవంతో చెప్తున్నా. సూర్యోదయం తీసి రివర్స్‌లో ప్లే చెయ్. అయిపోయింది.

దిక్కులు చూసేవాడు: అలలు కూడా వెనక్కి పోతాయి సార్. కాకులు తోక ముందుకి పెట్టి ఎగురుతాయి. వాడి నోట్లోంచి మాట బయటికి రప్పించడానికి కథ రాసుకుంటే మీరు లోపలికి తోసేస్తున్నారు.

అసోసియేట్ గారు: రివర్స్ చేసేది వైడ్ షాట్ ఒక్కటేనయ్యా, క్లోజప్‌లు కాదు. ఫోన్లో ఎడిటింగ్ చేసుకునేవాళ్ళకి ఇవేం తెలుస్తాయి?

కట్ చేస్తే: ఎవర్నండీ ఆ మాట? తరుణ్ భాస్కర్ షార్ట్ ఫిల్ములు తీసే 2016లో 'పెళ్ళిచూపులు' దాకా వచ్చాడు. సుజీత్ కూడా అంతే, 2014లో 'రన్ రాజా రన్'. మీరు పదిహేనేళ్ళయినా ఇంకా అసోసియేటే.

అసోసియేట్ గారు: ఆ 'పెళ్ళిచూపులు' తీసింది సింక్ సౌండ్‌లో, అంటే మాటలు షూటింగ్‌లోనే రికార్డ్ చేసి. డబ్బింగ్ చెప్పుకోమన్నది తమరేగా?

నిజాంపేట్ పోరడు: లొల్లి బంజేయండ్రి. భయ్, దోస్తు క్యారెక్టర్ తీసెయ్. ప్రతి దాంట్ల "చెప్పురా, చెప్పురా" అని నూకేటోడు ఒకడుంటడు. మేం ఆ జాగాల హీరో అమ్మమ్మని పెట్టినం. ఆమెనే పోయి పిల్లతోని చెప్పేస్తది. జనం మస్తు నవ్విండ్రు గానీ, పాత పాట బిట్ ఒకటి ఏసినందుకు కాపీరైట్ క్లెయిమ్ వడ్డది. యూట్యూబ్ పైసలన్నీ ఆ పాట హక్కులున్న మ్యూజిక్ లేబులోళ్ళకే పోతున్నయ్. దానికేమన్న ఉపాయం ఉంటే చెప్పుండ్రి.

బీచ్‌రోడ్ బుల్లోడు: పోనీ సూర్యుడు లేకుండా డ్రోన్ షాట్ వేస్తే?

కట్ చేస్తే: తూర్పు నౌకాదళం హెడ్‌క్వార్టర్స్ ఉన్న ఊళ్ళో పర్మిషన్ లేకుండా డ్రోన్ ఎగరేస్తావా? ప్రపోజల్ స్టేషన్లో పెట్టుకో.

కోటగుమ్మం: సూర్యుడు నీళ్ళల్లోకే దిగాలంటే మా రాజమండ్రి వచ్చెయ్యండి. పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా కొవ్వూరు వైపు దిగుతాడు.

దిక్కులు చూసేవాడు: దిక్కు కరెక్టే. కానీ బ్రిడ్జి మీద రైలొస్తే డైలాగ్ గోవిందా.

కోటగుమ్మం: అదే కదండీ కావాల్సింది! వాడు ధైర్యం చేసి చెప్పేసరికి రైలొస్తుంది, ఆమె "ఆఁ?" అంటుంది. రెండోసారి చెప్పాలంటే మళ్ళీ గుండె కూడగట్టుకోవాలా!

అసోసియేట్ గారు: అరిగిపోయిన సీను.

పేరు లేని హీరోయిన్: తిరగేస్తే సరి. రైలు మోతలో చెప్పేసేది ఆమె. "ఆఁ?" అనేది వాడు. "నోట్స్ తెచ్చావా అన్నాను" అనేసి లేచిపోతుంది.

బీచ్‌రోడ్ బుల్లోడు: అక్కా! వాడుకోవచ్చా?

పేరు లేని హీరోయిన్: టైటిల్స్‌లో 'కథా సహకారం' వేస్తే.

అసోసియేట్ గారు: రివర్స్ షాట్ ఐడియా నాది. నా పేరు కూడా పడాలి.

దిక్కులు చూసేవాడు: గోదాట్లో సూర్యుడు తనంతట తనే మునుగుతాడు సార్.