తల్లికి వందనం: పాత అద్దె ఇంటి మీటరు వల్ల డబ్బు ఆగింది, ఎక్కడ సరిచేయించాలి?

అందరికీ నమస్కారం. మాది ఆంధ్రాలో ఒక పల్లె. మా అక్కకి ఇద్దరు ఆడపిల్లలు, ఆరు, తొమ్మిది తరగతులు. బావ లేడు, అక్క కూలికెళ్లి చదివిస్తోంది. 2025 జూన్‌లో తల్లికి వందనం (పిల్లల్ని బడికి పంపే తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయం) కింద బిడ్డకు 15,000లో బడి నిర్వహణకు 2,000 పోను 13,000 వేశారు కదా, తనకు రూపాయి రాలేదు. మా ఊరి గ్రామ సచివాలయంలో అడిగితే కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటింది, అందుకే అర్హత లేదన్నారు. ఇంట్లో ఉన్నవి రెండు బల్బులు, ఒక ఫ్యాను! తీరా చూస్తే ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటి మీటరు ఇంకా అక్క ఆధార్‌కే ముడిపడి ఉంది.

దాన్ని తీయించాలంటే కరెంటు ఆఫీసుకు వెళ్లాలా, సచివాలయంలోనే అర్జీ పెట్టాలా? అద్దె కాగితాలేవీ లేవు, పాత యజమాని ఫోన్ ఎత్తడం లేదు. ఇలా సరిచేయించుకున్నాక ఆగిన డబ్బు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏ కాగితాలు అడిగారో దయచేసి చెప్పండి. పెద్దమ్మాయి చదువు మానేసి పనికొస్తానంటోంది, అదే మా భయం.