టాప్ మీద రంగు పోతోంది, పొద్దున సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది: ఎండకాలం రాకముందే ఏం చేయాలి?

హనుమకొండ_ఎర్రబండి
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది ఎరుపు రంగు పెట్రోల్ కారు, ఏడేళ్ల బండి. ఇంటికి షెడ్డు లేదు, నక్కలగుట్టలో వేపచెట్టు కింద ఆపుతాం. రెండు ఇబ్బందులు ఒకేసారి వచ్చాయి. టాప్, బానెట్ మెరుపు పోయి తెల్లగా మసకబారాయి. టాప్ వెనక అంచున అరచేయంత మేర పొర లేస్తోంది. ఇక పోయిన నెల ఒక వాషింగ్ సెంటర్‌లో ఇంజిన్‌తో సహా ప్రెషర్ వాష్ చేయించినప్పటి నుంచి పొద్దున సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది. బ్యాటరీ మార్చమని ఒకరు, బ్యాటరీని చార్జ్ చేసే డైనమో పోయిందని ఇంకొకరు, బండి మొత్తం పెయింట్ కొట్టించమని మరొకరు అంటున్నారు. నాన్నను వారం వారం హాస్పిటల్‌కు తీసుకెళ్లాలి. బండి ఎప్పుడు మొరాయిస్తుందో అని టెన్షన్‌గా ఉంది. ఖర్చు పెట్టే ముందు మీ అనుభవాలు చెప్పండి.

కరీంనగర్_పెయింటర్
తమ్ముడూ, ముందు టాప్ సంగతి చెప్తా. మసకబారడం వేరు, పొర లేవడం వేరు. కంపెనీ పెయింట్‌లో రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిపైన ప్రైమర్, దానిపైన రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ ఉంటాయి. మెరుపంతా ఆ క్లియర్ కోట్‌దే. ఎండను తట్టుకునేది కూడా అదే. దాని మందం 40, 50 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుక కన్నా పలచన. బానెట్ మీద చేయి పెట్టి చూడు, నున్నగా ఉండి మసకగా కనిపిస్తే పైపొర ఇంకా ఉన్నట్టే, పాలిష్‌తో మెరుపు వస్తుంది. టాప్ వెనక గోరుకు అంచు తగులుతోందంటే అక్కడ క్లియర్ కోట్ ఊడిపోయింది. దానికి ఏ పాలిష్ పనిచేయదు, ఏ కోటింగూ అతకదు. టాప్ వరకు గీకి, మళ్లీ రంగు, క్లియర్ కొట్టాల్సిందే. బండి మొత్తం కొట్టించాల్సిన పని మాత్రం లేదు. ఏడేళ్ల కంపెనీ పెయింట్ తలుపుల మీద బాగుంటే దాన్ని చెడగొట్టుకోవద్దు, బయట షెడ్డులో అంత గట్టి పెయింట్ రాదు.

ఇంకో మాట. మెషిన్ రబ్బింగ్ చేసిన ప్రతిసారీ ఆ పలచని పొరలోంచి కొంత అరిగిపోతుంది. పండుగకోసారి, ఫంక్షన్‌కోసారి రబ్బింగ్ చేయించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అప్పటికి మెరుస్తుంది, రెండేళ్లకు నీ టాప్ లాగే అవుతుంది. ఒక్కసారి సరిగ్గా పాలిష్ పట్టించి, ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి వ్యాక్స్ రాసుకుంటే చాలు.

కాజీపేట_జంక్షన్
మా తెల్ల కారు మీద సన్నటి నారింజ రంగు చుక్కలు వచ్చాయి. రేకు లోపలి నుంచి తుప్పు వస్తోందనుకుని చాలా భయపడ్డాం. తీరా చూస్తే అది రైలు దుమ్ము. మా ఇల్లు పట్టాలకు దగ్గర. రైళ్లు బ్రేకులు వేసినప్పుడు రాలే ఇనుప రజను గాలికి వచ్చి పెయింట్ మీద కూర్చుంటుంది, మంచు పడితే తుప్పు పడుతుంది. షాంపూకు పోలేదు. ఐరన్ రిమూవర్ అని లిక్విడ్ దొరుకుతుంది, కొడితే చుక్కలు ఊదారంగులోకి మారి కారిపోతాయి. మిగిలినవాటిని క్లే బార్‌తో, అంటే పెయింట్ మీద రుద్దే మెత్తటి మట్టి ముద్దలాంటి దాంతో తీశాం. క్లే రుద్దేటప్పుడు షాంపూ నీళ్లతో బాగా తడిపి ఉంచాలి, పొడిగా రుద్దితే గీతలు పడతాయి. స్టేషన్, డీజిల్ కాలనీ వైపు తెల్ల బండ్లున్నవాళ్లు పెయింట్ షెడ్డుకు పోయేముందు ఇది చేసి చూడండి.

ఆటోనగర్_ఎలక్ట్రికల్
హనుమకొండ తమ్ముడూ, బ్యాటరీ కొనకు, డైనమో విప్పించకు. ముందు మల్టీమీటర్ తెచ్చుకో, నాలుగైదు వందలకు మామూలుది దొరుకుతుంది. నేను చెప్పిన వరుసలో చూడు.

రాత్రంతా ఆగిన బండికి పొద్దున తాళం పెట్టకముందే బ్యాటరీ మీద మీటర్ పెట్టు. 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే ఉంది. 12 కన్నా కిందికి పోతే చార్జింగ్ పెట్టకుండా ఏ నిర్ణయానికీ రావొద్దు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందికి పడితే బ్యాటరీ బలహీనం. బండి నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే డైనమో బాగున్నట్టే. కొత్త మోడళ్లలో కంప్యూటర్ చార్జింగ్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. అందుకని ఒక్కసారి 13 కనిపించిందని డైనమో మార్చేయకండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెప్తున్నా, చాలా షాపుల్లో ఇది చూడరు. మీటర్ ఎర్ర వైరు ఇంజిన్ బ్లాక్ ఇనుము మీద, నల్ల వైరు బ్యాటరీ మైనస్ మొన మీద పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమను. 0.2, 0.3 వోల్టుల లోపు రావాలి. అంతకన్నా ఎక్కువ వస్తే బ్యాటరీ మైనస్‌ను బండి రేకుకు, ఇంజిన్‌కు కలిపే ఎర్త్ వైరు దగ్గర తుప్పు ఉంది, లేదా బోల్టు లూజు ఉంది. సెల్ఫ్ మోటర్ లాగే కరెంటంతా ఆ ఎర్త్ మీదుగానే తిరిగి రావాలి. అక్కడ అడ్డం పడితే ఎంత కొత్త బ్యాటరీ పెట్టినా సెల్ఫ్ బరువుగానే తిరుగుతుంది. ఇంజిన్ మీద ప్రెషర్ వాష్ చేశాక మా దగ్గరికి వచ్చే బండ్లలో ఇదే ఎక్కువగా చూస్తాను. బ్యాటరీ ట్రే కింద నీళ్లు నిలిచి బోల్టు పచ్చగా, తెల్లగా పూస్తుంది.

సుబేదారి_స్కూటీ
అన్నా, నా స్కూటీ కూడా వాష్ అయ్యాక రెండు రోజులు హారన్ మోగలేదు. తర్వాత దానంతట అదే బాగైంది. అట్లా వదిలేయొచ్చా?

ఆటోనగర్_ఎలక్ట్రికల్
వద్దు చెల్లీ. స్విచ్ లోపలికో, కనెక్టర్‌లోకో నీళ్లు పోయాయి. అప్పటికి ఆరింది కానీ పిన్నుల మీద తుప్పు మొదలై ఉంటుంది. హ్యాండిల్ దగ్గర స్విచ్ విప్పించి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టించు, చిన్న పని. ఇకమీదట పైపును హ్యాండిల్ మీదికి, తాళం రంధ్రం మీదికి నేరుగా కొట్టనివ్వొద్దు.

రామగుండం_షిఫ్ట్
మా వైపు బాధ వేరు. పొద్దున లేచేసరికి కారు మీద సన్నటి బూడిద ఉంటుంది, గోదావరిఖని దిక్కు పోతే బొగ్గు దుమ్ము తోడవుతుంది. అందరూ చేసే పని పొడిబట్టతో గబగబా తుడవడం. ఆ బూడిదలో సిలికా ఉంటుంది, గాజు మీద కూడా గీత పెడుతుంది. పొడిబట్టతో తుడిస్తే ఉప్పు కాగితంతో రుద్దినంత పని. ఎండలో నిలబడి బానెట్ చూడండి, సాలెగూడు లాగా గుండ్రటి గీతలు కనిపిస్తాయి, అవన్నీ తుడిచిన గీతలే. ముందు పైపుతో పైనుంచి కిందికి నీళ్లు పోసి దుమ్మంతా కారనివ్వాలి. ఆ తర్వాతే మైక్రోఫైబర్ బట్ట. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో కార్ షాంపూ, ఇంకోదాంట్లో బట్ట పిండుకునే మంచినీళ్లు. గిన్నెలు తోమే సబ్బు వాడితే ఉన్న వ్యాక్స్ కూడా కొట్టుకుపోతుంది.

దుమ్ము మీదే కవర్ కప్పేవాళ్లు కూడా ఉన్నారు. గాలికి ఆ కవర్ రోజంతా రుద్దుతూనే ఉంటుంది, అంతకన్నా కప్పకపోవడమే మేలు.

మే నెలలో మా దగ్గర 45 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో కడగొద్దు. బోరు నీళ్లు రేకు మీద పడగానే ఆరిపోయి సున్నం మరకలు మిగులుతాయి. పొద్దున్నే గానీ, సాయంత్రం నీడలో గానీ కడిగి వెంటనే తుడవాలి. అప్పటికే మరకలు పడితే తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి తడిబట్టతో అద్ది, ఒక నిమిషం ఆగి కడిగేయండి. పాత మరకలు దానికీ పోవు, పాలిష్ పట్టాలి.

హనుమకొండ_ఎర్రబండి
మా అపార్ట్‌మెంట్‌లో కడిగే అబ్బాయి చివరికి డీజిల్ బట్టతో తుడుస్తాడు. మెరుస్తుందని అందరూ సంతోషపడతారు. అది మంచిదేనా?

కరీంనగర్_పెయింటర్
అస్సలు కాదు. డీజిల్, కిరోసిన్ జిడ్డుగా ఉంటాయి కాబట్టి గంటసేపు మెరుపు కనిపిస్తుంది. ఆ జిడ్డుకే దుమ్ము అంటుకుంటుంది. అద్దాల రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. ఆ అబ్బాయికి కోపంగా చెప్పొద్దు, మైక్రోఫైబర్ బట్టలు నాలుగు కొనిచ్చి ఎట్లా తుడవాలో చూపించు.

వేపచెట్టు కింద నీడ మంచిదే, కానీ జిగురు పడుతుంది, పిట్టల రెట్టలు పడతాయి. రెట్టలో ఆమ్లం ఉంటుంది. ఎండకు రేకు వేడెక్కినప్పుడు క్లియర్ కోట్‌లోకి దిగి అచ్చు పడిపోతుంది. సాయంత్రం కడుగుదాంలే అనుకోవద్దు, డిక్కీలో నీళ్ల సీసా, బట్ట పెట్టుకుని చూసిన వెంటనే నానబెట్టి తీసేయాలి.

ఏనుమాముల_ట్రాలీ
నాది సరుకు బండి, మార్కెట్‌కు మిర్చి, పత్తి తోలుతాం. రంగు గురించి నేను పెద్దగా పట్టించుకోను గానీ వైరింగ్ గురించి చెప్పాలి. మాలో చాలామంది రాత్రి లోడు కోసం ఎక్కువ వాట్ల హెడ్‌లైట్ బల్బులు వేయించుకుంటారు. కంపెనీ బల్బు 60/55 వాట్లు. 100/90 వేసి రిలే, అంటే బల్బుకు పోయే కరెంటును స్విచ్ బదులు తాను మోసే చిన్న డబ్బా, పెట్టకపోతే కరెంటంతా స్విచ్ మీదుగానే పోతుంది. మా తోటి డ్రైవర్ బండిలో హోల్డర్ కరిగిపోయి నర్సంపేట రోడ్డు మీద లైట్లు ఆరిపోయాయి. వెలుతురు తక్కువ అనిపిస్తే ముందు లైటు అద్దం చూడండి. ప్లాస్టిక్ అద్దం పసుపుబారి ఉంటే ఎన్ని వాట్లు వేసినా దండగే. సన్న వాటర్ పేపర్‌తో తడి రుద్ది పాలిష్ పట్టిస్తే వెలుతురు వస్తుంది. దానిపైన కోటింగ్ వేయకపోతే మళ్లీ త్వరగా పసుపు అవుతుంది.

ఫ్యూజు గురించి కూడా. 15 యాంపుల నీలం ఫ్యూజు పదే పదే పోతోందని 30 యాంపుల ఆకుపచ్చది పెట్టేవాళ్లున్నారు. ఇంకొందరు రాగి తీగ చుట్టేస్తారు. దయచేసి చేయకండి. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో వైరు రాపిడికి గురైందని బండి మనకు చెప్తోంది. పెద్ద ఫ్యూజు పెడితే ఈసారి ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. వెనక మిర్చి బస్తాలు ఉన్నప్పుడు నిప్పు అంటుకుంటే బతుకే పోతుంది.

భూపాలపల్లి_వాగు
2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిన సంగతి తెలిసిందే. అదే వానలకు వరంగల్‌లో హంటర్ రోడ్డు కాలనీల్లోనూ బండ్లు మునిగాయి. అప్పుడు నీళ్లు తగ్గగానే చాలామంది చేసిన పని సెల్ఫ్ కొట్టి చూడటం. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేక, దాన్ని తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ నష్టానికి మామూలు ఇన్సూరెన్స్‌లో డబ్బులు రావడం కష్టం, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ (యాడ్ ఆన్) ఉండాలి. బండి మునిగితే బ్యాటరీ మైనస్ వైరు తీసేసి, ఫొటోలు తీసి, టోయింగ్ చేయించండి. సీట్ల కింద కార్పెట్ ఎత్తి ఆరబెట్టించండి, వైర్ల కట్టలు ఆ కార్పెట్ కిందనుంచే పోతాయి. పైకి ఆరినట్టే ఉంటుంది, ఆరు నెలల తర్వాత సెంట్రల్ లాక్, పవర్ విండోలు ఒక్కొక్కటిగా పోతాయి.

సుబేదారి_స్కూటీ
కారులో ఎలుకలకు ఏం చేస్తున్నారు? మా అన్నయ్య బండిలో సెన్సార్ వైరు కొరికేశాయి.

ఏనుమాముల_ట్రాలీ
మేం పొగాకు కాడలు కడతాం, వాసన ఉన్నన్ని రోజులు పనిచేస్తాయి. ఇనుప జాలీ కొట్టించడమే గట్టి పని. బండిలో తిండి ముక్కలు ఉంచొద్దు, ధాన్యం బస్తాల పక్కన ఆపొద్దు.

హనుమకొండ_ఎర్రబండి
ఆటోనగర్ అన్నా, మీరు చెప్పినట్టే చూశాను. పొద్దున 12.5 ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.6. నడుస్తున్నప్పుడు 14.1. ఇంజిన్ బ్లాక్‌కు, బ్యాటరీ మైనస్‌కు మధ్య మాత్రం 0.9 వచ్చింది! బ్యాటరీ ట్రే తీస్తే ఎర్త్ బోల్టు చుట్టూ పచ్చటి పూత. ఇప్పుడు ఎట్లా శుభ్రం చేయాలి?

ఆటోనగర్_ఎలక్ట్రికల్
మంచిగ దొరికింది తమ్ముడూ, బ్యాటరీ డబ్బులు మిగిలాయి. ముందు మైనస్ వైరు తీయి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివరికి మైనస్. ఈ వరుస తప్పితే స్పానర్ రేకుకు తగిలి నిప్పులు లేస్తాయి. వంటసోడా నీళ్లలో కలిపి పాత బ్రష్‌తో మొనలు రుద్దు, బ్యాటరీ మూతల్లోకి మాత్రం ఆ నీళ్లు పోనివ్వొద్దు. ఎర్త్ బోల్టు కింద రేకును ఎమ్రీ పేపర్‌తో మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి, పైన వాజ్‌లైన్ రాయి. మూతలున్న బ్యాటరీ అయితే ఎండకాలంలో నెలకోసారి నీళ్లు చూడు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఆర్‌ఓ నీళ్లలోనూ లవణాలు ఉంటాయి, ఏసీ నుంచి కారే నీళ్లూ పనికిరావు. బ్యాటరీని చలికన్నా వేడే ఎక్కువగా తినేస్తుంది, మన ఎండలకు దాని ఆయుష్షు తగ్గుతుంది.

డ్యాష్‌క్యామ్ ఉందా? బండి ఆపాక కూడా కరెంటు లాగుతుంటే అదొక నష్టం. తాళం తీసి, కాసేపు ఆగాక చూస్తే 50 మిల్లీయాంపుల లోపు ఉండాలి. 300 లాగితే 35 యాంపియర్-అవర్ (Ah) బ్యాటరీ ఐదు రోజులకే ఖాళీ.

హనుమకొండ_ఎర్రబండి
డ్యాష్‌క్యామ్ లేదన్నా. ఎర్త్ శుభ్రం చేశాక 0.1 వచ్చింది, ఒక్క తిప్పుడుకే స్టార్ట్ అవుతోంది. నాన్న కూడా పక్కన నిలబడి చూశారు. చాలా థ్యాంక్స్. పెయింటర్ అన్నా, ఒక్క సందేహం. దసరాకు బండి పూజ చేసినప్పుడు బానెట్ మీద పెట్టిన కుంకుమ మరక ఇంకా పోలేదు. టాప్ పని ఎప్పుడు చేయించాలి?

కరీంనగర్_పెయింటర్
పసుపు మరకైతే ఎండకే వెలిసిపోతుంది. బజారు కుంకుమలో రంగులు కలుపుతారు, తడిగా రాత్రంతా ఉంటే లోపలికి దిగుతుంది. బానెట్‌కు ఎట్లాగూ పాలిష్ పట్టిస్తావు కదా, చాలావరకు దాంతోనే పోతుంది. వచ్చే దసరాకు బొట్టు అద్దం మీద పెట్టండి, నిమ్మకాయ రసం రంగు మీద పడనివ్వకండి, దండ కట్టే ఇనుప తీగకు గుడ్డ చుట్టండి.

టాప్ పని ఫిబ్రవరి, మార్చిలోనే చేయించు. వానాకాలం గాలిలో తేమకు క్లియర్ కోట్ పాలిపోతుంది, పెయింట్ కొట్టే మూసిన గది (బూత్) లేని షెడ్డులో అయితే మరీ. కలర్ కోడ్ బండి మీద స్టిక్కర్‌లో ఉంటుంది, దాని ప్రకారం కలిపించి చిన్న రేకు ముక్క మీద కొట్టించి పగటి వెలుతురులో తలుపు పక్కన పెట్టి చూసుకో. ఎరుపు చాలా మొండి రంగు, ఏడేళ్లు ఎండిన ఎరుపుకు కోడ్ ఒక్కటే సరిపోదు. పెయింట్ కొట్టాక నెల రోజులు వ్యాక్స్ రాయొద్దు, కవర్ కప్పొద్దు.